క్లారిస్సా అంతర్మథనం

పాఠ్యభాగ నేపథ్యం

మరణాన్ని గురించి మానవుడు విచారించడం నేటిది కాదు. యముని వాకిట నిలిచి నచికేతుడు అడిగినది ఆ ప్రశ్ననే. ప్రతిదినమూ ప్రాణులు యమసదనానికి పోతూ ఉండగా, చూస్తున్నవారు తాము మాత్రం శాశ్వతంగా ఉంటామని తలచడం కంటే వింత లేదని ధర్మరాజు యక్షునికి చెప్పిన సమాధానం తెలుగువారికి సుపరిచితమే. అయితే ప్రాచీన వాఙ్మయంలో ఈ విచారణ ఎక్కువగా ఇద్దరి మధ్య జరిగే సంవాదం. అడిగేవాడు ఒకడు, తెలిసి చెప్పేవాడు మరొకడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఐరోపాలో వికసించిన ఆధునికతావాద కథాసాహిత్యానికి వచ్చేసరికి ఈ రెండవ వ్యక్తి అదృశ్యమయ్యాడు. ప్రశ్న పుట్టిన మనస్సే సమాధానం కూడా వెదకుకోవలసి వచ్చింది. అదీ అరణ్యంలోనో యజ్ఞశాలలోనో కాదు. బజారులో పూలు కొనుక్కుంటూ, చిరిగిన దుస్తులు కుట్టుకుంటూ, ఇంటికి వచ్చిన అతిథులను పలకరిస్తూ. అటువంటి అంతరంగ విచారణకు ఉత్తమమైన ఉదాహరణ వర్జీనియా వుల్ఫ్ రచించిన 'మిసెస్ డాలోవే' అనే ఆంగ్ల నవల. ఆ నవలలోని నాయిక క్లారిస్సా మనోగతాన్ని పరిశీలించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

వర్జీనియా వుల్ఫ్ 1882 జనవరి 25న లండన్ నగరంలో జన్మించింది. తండ్రి లెస్లీ స్టీఫెన్ పేరుపొందిన విమర్శకుడు. పదమూడేండ్ల వయస్సులో, 1895లో, ఈమె తల్లిని పోగొట్టుకున్నది. మరి రెండేండ్లకు తల్లి మొదటి వివాహం వల్ల కలిగిన అక్క స్టెల్లా, 1904లో తండ్రి, 1906లో సోదరుడు థోబీ వరుసగా కన్నుమూశారు. ఈ మరణాల నడుమ ఈమె పలుమార్లు తీవ్రమైన మనోవ్యాధికి లోనై, వైద్యుల చేతిలో బలవంతపు విశ్రాంతిని అనుభవించింది. కనుక నవలలో వైద్యులను గురించి వచ్చే ఘట్టాలు కేవలం ఊహతో రాసినవి కావు. 1917లో భర్త లెనార్డ్ వుల్ఫ్‌తో కలిసి హోగార్త్ ప్రెస్ అనే ముద్రణాలయాన్ని స్థాపించింది. 'మిసెస్ డాలోవే' 1925 మే 14న ఆ సంస్థ నుండే వెలువడింది. 1941 మార్చి 28న, వ్యాధి తిరగబెట్టిన దశలో, వుల్ఫ్ మరణించింది.

పాఠ్యభాగం

నవల కథాకాలం ఒకే ఒక్క రోజు. అది 1923వ సంవత్సరం జూన్ నెలలో ఒక బుధవారం. ఉదయం క్లారిస్సా డాలోవే పూలు కొనడానికి ఇల్లు వెడలడంతో ప్రారంభమై, ఆ రాత్రి ఆమె ఇంట జరిగే విందుతో ముగుస్తుంది. అధ్యాయ విభజన లేదు. పార్లమెంటు భవనపు గడియారమైన బిగ్ బెన్ కొట్టే గంటలే పాఠకునికి కాలాన్ని తెలియజేస్తూ ఉంటాయి. వుల్ఫ్ ఈ నవలకు మొదట 'గంటలు' అనే అర్థం వచ్చే పేరునే పెట్టదలచింది. ఒక పాత్ర మనస్సులో నడుస్తున్న ఆలోచన గంట మోగేసరికి మరొక పాత్ర మనస్సులోనికి జారిపోతుంది. గంట అందరికీ ఒకటే. ఆ గంటలో ఎవరు ఎన్ని సంవత్సరాలు వెనుకకు పోయి వచ్చారన్నది వారి వారి స్మృతిని బట్టి ఉంటుంది.

ఈ కథన విధానాన్ని చైతన్య స్రవంతి అంటారు. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో మనస్తత్వశాస్త్ర గ్రంథంలో వాడిన ఈ మాటను 1918లో మే సింక్లెయిర్ అనే రచయిత్రి నవలా విమర్శలో ప్రవేశపెట్టింది. 1922లో వెలువడిన జేమ్స్ జాయిస్ 'యులిసిస్' కూడా ఒక్క రోజు కథే. తెలుగులో ఈ పద్ధతికి పూర్ణరూపం ఇచ్చిన నవల 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు పడిన మానసిక సంఘర్షణ అందులోని వస్తువు. ఆ నవల చదివిన విద్యార్థులకు వుల్ఫ్ పద్ధతి అపరిచితంగా తోచదు. అయితే రవికీ క్లారిస్సాకూ వయస్సులోనూ స్థితిలోనూ హస్తిమశకాంతరం ఉన్నది.

క్లారిస్సాకు వయస్సు యాభై దాటింది. భర్త రిచర్డ్ పార్లమెంటు సభ్యుడు. కుమార్తె ఎలిజబెత్ యుక్తవయస్కురాలు. సంపన్నమైన ఇల్లు, పనివారు, పలుకుబడి గల మిత్రులు. పైకి చూస్తే ఈమెకు విచారించవలసిన విషయమే కనబడదు. అయితే ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా సోకి తగ్గింది. దాని వల్ల జుట్టు నెరిసింది, గుండె బలహీనపడింది. అందుచేత ఆమె లండన్ వీథులలో నడచే ప్రతి అడుగులోనూ రెండు భావాలు ఏకకాలంలో ఉంటాయి. ఒకటి ఈ ఉదయం ఎంత బాగున్నది అనే ఆనందం. రెండవది ఒక్క రోజు బ్రతకడం కూడా ఎంత ప్రమాదభరితం అనే జంకు. ఈ రెంటిలో ఏది ముందు, ఏది వెనుక అని విడదీయడం సాధ్యం కాదు. ఆనందం ఉన్నది గనుకనే జంకు.

బాండ్ వీథి వైపు నడుస్తూ ఆమె తన్ను తాను ప్రశ్నించుకుంటుంది. తాను ఒకనాడు పూర్తిగా లేకుండా పోతుంది. ఈ వాహనాలు, ఈ అరుపులు, ఈ పూలదుకాణాలు తాను లేకుండానే సాగిపోతాయి. అది తనకు బాధాకరమా? లేక మరణంతో సర్వం ముగుస్తుందని నమ్మడంలోనే ఒక ఓదార్పు ఉన్నదా? ఇక్కడ ఆమె ఏ సిద్ధాంతాన్నీ ఆశ్రయించదు. దేవుని మీద ఆమెకు విశ్వాసం లేదు. ఆ అవిశ్వాసానికి కారణం కూడా నవలలో పీటర్ వాల్ష్ స్మృతిలో తెలుస్తుంది. ఆమె చెల్లెలు సిల్వియా, ఎంతో ప్రతిభ గల బాలిక, చెట్టు కూలి మీద పడి ఆమె కళ్ళ ఎదుటే మరణించింది. అటువంటి మరణాన్ని చూసినవారికి లోకంలో న్యాయం ఉన్నదని ఎవరు చెప్పగలరు? నిందించడానికి దేవుడు కూడా లేడని నిశ్చయించుకున్న ఆ మనస్సు, మంచి కోసమే మంచి చేయాలనే నియమాన్ని మాత్రం నిలుపుకున్నది.

అయినా వీథిలో నడుస్తున్న ఆమెకు ఒక ఊహ కలుగుతుంది. తాను పోయిన తరువాత కూడా ఈ వీథులలో, పుట్టినింటి చెట్లలో, తాను ఎన్నడూ కలుసుకోని మనుషులలో సైతం తనలోని ఏదో ఒక అంశం మంచుపొరవలె వ్యాపించి నిలిచి ఉంటుందేమో. పీటర్ కూడా తనలో, తాను పీటర్‌లో బ్రతికి ఉంటారేమో. ఇది ఆత్మ అమరమనే సిద్ధాంతం కాదు. పునర్జన్మ అంతకంటే కాదు. మనిషి అనేది చర్మంతో ముగిసిపోయే వస్తువు కాదనీ, ఎరిగినవారి మనస్సులలో కొంత, తిరిగిన చోట్లలో కొంత పరచుకొని ఉంటుందనీ ఆమె అనుభవం. ఈ ఊహను ఉదయపు నడకలో వచ్చిన చిరు తలంపుగా భావించి పాఠకుడు దాటిపోతాడు. రాత్రికి గానీ దాని బరువు తెలియదు. ఆ వెంటనే పుస్తకాల దుకాణపు అద్దం వెనుక తెరిచి ఉన్న షేక్‌స్పియర్ నాటకంలో 'సింబెలిన్'లోని శోకగీతం ఆమె కంట పడుతుంది. మరణించినవారికి ఇక ఎండకూ చలికీ భయం లేదని చెప్పే గీతం అది. ఆ పాట ఆ రోజంతా ఆమెను వెంబడిస్తుంది.

ఇంటికి తిరిగి వచ్చిన క్లారిస్సా మేడ పైభాగాన గల తన చిన్న గదికి పోతుంది. జబ్బుపడిన తరువాత ఆమె అక్కడే ఒంటరిగా నిద్రిస్తున్నది. ఇరుకైన మంచం, ముడుత లేని తెల్లని దుప్పటి. ఆ గదిలోనికి అడుగుపెట్టే క్లారిస్సాను రచయిత్రి సన్న్యాసినితో పోలుస్తుంది. తరువాత కూర్చొని రాత్రి ధరించవలసిన పచ్చని గౌను చిరుగును కుట్టుకుంటుంది. సూది లోనికి దిగి పైకి వస్తూ ఉంటే ఆమె మనస్సు వేసవి సముద్రంలోని అలలవలె లేచి విరిగి శాంతిస్తుంది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఉపమానమా అని తోచవచ్చు. ఆధునికతావాద కథకుల విశేషం అదే. మహాయుద్ధాలలోనూ పట్టాభిషేకాలలోనూ కాక, దారం లాగే వేళ్ళ కదలికలో వారు జీవితాన్ని చూడదలచారు.

ఆమె ఇచ్చే విందులను అందరూ తేలికగానే తలుస్తారు. ఒకనాడు ఆమెను ప్రేమించి, తిరస్కృతుడై, భారతదేశంలో ఉద్యోగం చేసి ఆ ఉదయమే తిరిగి కనిపించిన పీటర్ వాల్ష్ దృష్టిలో అవి గొప్పవారి సాంగత్యం కోసం పడే ఆరాటం. భర్త రిచర్డ్ దృష్టిలో గుండె బలహీనంగా ఉన్నవారికి పనికిరాని శ్రమ. ఇద్దరి మాటలూ తప్పేనని ఆమెకు అనిపిస్తుంది. మరి తాను ఎందుకు చేస్తున్నట్లు? నగరంలో ఒక మూల ఒకరు, మరొక మూల ఇంకొకరు ఒంటరిగా బ్రతుకుతున్నారు. వారందరినీ ఒక రాత్రి ఒకచోట చేర్చగలిగితే అది ఒక నివేదన అని ఆమె సమాధానం. ఎవరికి నివేదన? ఆ ప్రశ్నకు ఆమె వద్ద జవాబు లేదు. ఉన్న శక్తి అదొక్కటే. ఈ తలంపు వెన్నంటే మరణం గుర్తుకు వస్తుంది. ఇదంతా ముగిసిపోవడం నమ్మశక్యం కాదు; తాను దీనిని ఎంతగా ప్రేమించిందో ఎవరికీ తెలియదు.

ఇక నవలలోని రెండవ ప్రధాన పాత్ర సెప్టిమస్ వారెన్ స్మిత్. ఇతడు మొదటి ప్రపంచ యుద్ధంలో స్వచ్ఛందంగా చేరిన తొలి సైనికులలో ఒకడు. కవిత్వం మీద మక్కువ గల పేద గుమాస్తా. షేక్‌స్పియర్ పుట్టిన దేశాన్ని కాపాడుతున్నానని నమ్మి ఫ్రాన్స్‌కు పోయాడు. యుద్ధ విరమణకు కొద్ది ముందు అతని ప్రాణమిత్రుడైన ఎవన్స్ ఇటలీలో మరణించాడు. ఆ క్షణంలో తనకు దుఃఖం కలగనందుకు సెప్టిమస్ తన్ను తాను అభినందించుకున్నాడు. సైనికునికి అది ధైర్యమని అతనికి నేర్పారు. కాని ఆపుకున్న ఆ దుఃఖమే అతనిని లోపలి నుండి కూల్చివేసింది. ఇటలీలోని మిలాన్ నగరంలో టోపీలు కుట్టే లుక్రేజియాను వివాహమాడి లండన్‌కు తీసుకువచ్చేసరికి అతడు ఏ అనుభూతీ కలగని స్థితికి చేరుకున్నాడు. పార్కులోని చెట్ల వెనుక చనిపోయిన ఎవన్స్ కనిపిస్తూ ఉంటాడు.

నాటి వైద్యం ఈ వ్యాధిని 'షెల్ షాక్' అని పిలిచింది. బ్రిటిష్ యుద్ధశాఖ నియమించిన విచారణ సంఘం దీని మీద 1922లో, అనగా వుల్ఫ్ ఈ నవలను ప్రారంభించిన సంవత్సరంలోనే, నివేదిక సమర్పించింది. ఘోరానుభవం తరువాత మనస్సును పీడించే ఇటువంటి స్థితిని ప్రత్యేక వ్యాధిగా అమెరికా మనోవైద్యుల సంఘం తన ప్రామాణిక గ్రంథంలో చేర్చడానికి 1980 వరకు ఆగవలసి వచ్చింది. నవలలో డాక్టర్ హోమ్స్ అతనికి ఏ జబ్బూ లేదని తేల్చివేస్తాడు. ఆటల మీద, వినోదాల మీద మనస్సు పెట్టమంటాడు. ప్రసిద్ధ వైద్యుడు సర్ విలియం బ్రాడ్‌షా జబ్బు తీవ్రమైనదని వెంటనే గుర్తిస్తాడు. కాని గుర్తించడం వేరు, వినడం వేరు. భార్య నుండి వేరుచేసి దూరప్రాంతపు విశ్రాంతి గృహానికి పంపాలని ఆదేశిస్తాడు. రోగి తన దుఃఖాన్ని చెప్పుకోవడానికి తడబడుతూ ఉండగా ఆయన ముప్పావుగంట గడువు ముగుస్తుంది. రోగి ఆత్మహత్య మాట ఎత్తాడు గనుక ఇది చట్టానికి సంబంధించిన విషయమని కూడా ఆయన చెబుతాడు. ఆత్మహత్యా ప్రయత్నం ఇంగ్లండులో 1961 వరకు నేరంగానే ఉన్నది. మన దేశంలో అటువంటి ప్రయత్నం చేసినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవారిగా భావించి శిక్షించక ఆదుకోవాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. దుఃఖితునికి కావలసినది దండన కాదు, అతని మాట వినే చెవి అన్న సంగతిని చట్టాలు ఎంత ఆలస్యంగా గ్రహించాయో ఈ సంవత్సరాలే చెబుతాయి.

ఆ సాయంకాలం జరిగినదాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. లుక్రేజియా పొరుగింటి ఆమె కోసం టోపీ తయారుచేస్తున్నది. సెప్టిమస్ లేచి వచ్చి పూలూ రిబ్బన్లూ ఏరి ఎక్కడ ఏది ఉండాలో చూపుతాడు. అది చాలా చిన్న టోపీ అని ఆట పట్టిస్తాడు. చాలా కాలానికి భార్యాభర్తలు ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. ఆమె కుట్టు పూర్తిచేస్తుంది. ఆ క్షణంలో అతడు రోగి కాదు, టోపీని చూసి గర్వపడుతున్న ఒక భర్త మాత్రమే. అంతలో హోమ్స్ మెట్లెక్కి వస్తాడు. లుక్రేజియా అడ్డుపడినా లెక్కచేయక తోసుకొని పైకి వస్తాడు. సెప్టిమస్‌కు మరణించాలని లేదు. జీవితం బాగున్నది, ఎండ వెచ్చగా ఉన్నది అనే తలంపులతోనే అతడు ఆ వైద్యుల నుండి పారిపోయే దారి కోసం కిటికీని ఆశ్రయించి ప్రాణం కోల్పోతాడు. హోమ్స్ అతనిని పిరికివాడని నిందిస్తాడు. ఆ మాట పాఠకునికి కలిగించే ఆగ్రహమే రచయిత్రి తీర్పు.

రాత్రి విందు జరుగుతున్నది. ప్రధానమంత్రి వచ్చి వెళ్ళాడు. బ్రాడ్‌షా దంపతులు ఆలస్యంగా వస్తారు. యుద్ధంలో పాల్గొన్న ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడనీ, బయలుదేరే ముందు ఆ వార్త టెలిఫోనులో వచ్చిందనీ బ్రాడ్‌షా భార్య క్షమాపణగా చెబుతుంది. తన విందు నడుమ మరణం వచ్చి నిలిచిందే అని క్లారిస్సా నివ్వెరపోతుంది. పక్కనే ఖాళీగా ఉన్న చిన్న గదిలోనికి ఒంటరిగా వెళుతుంది. నవలకు ఆయువుపట్టు ఈ గది. ఆమె అక్కడ ఉండేది కొద్ది నిమిషాలే.

దుర్వార్త విన్నప్పుడు ముందుగా స్పందించేది ఆమె శరీరం. ఒళ్ళు కాలినట్లు, కట్టుకున్న దుస్తులు మండినట్లు అనిపిస్తుంది. ఆ తరువాతే ఆలోచన. తాను ఒకనాడు సర్పెంటైన్ సరస్సులో ఒక షిల్లింగు నాణెం విసిరింది. అంతకుమించి ఎన్నడూ దేనినీ వదులుకోలేదు. ఆ యువకుడు సమస్తం వదులుకున్నాడు. జీవితంలో ముఖ్యమైనది ఒకటి ఉంటుంది. తనలో అది రోజువారీ కబుర్ల కింద, చిన్న చిన్న అబద్ధాల కింద మసకబారిపోయింది. అతడు దానిని కాపాడుకున్నాడేమో. అతడు ఆ బ్రాడ్‌షా వద్దకు వెళ్ళి ఉంటే, అటువంటివారే ఎదుటివాని ఆత్మను బలవంతంగా వశం చేసుకొని బ్రతుకును భరించరానిదిగా చేసి ఉంటారని కూడా ఆమె తలుస్తుంది. బ్రాడ్‌షాను ఆమె అంతకుముందొకసారి చూసింది. ఎందుకో చెప్పలేని విముఖత నాడే కలిగింది.

ఇక్కడ వుల్ఫ్ ప్రతిభ సూక్ష్మంగా పనిచేసింది. క్లారిస్సాకు సెప్టిమస్ పేరు తెలియదు. ఆమె అతనిని ఎన్నడూ చూడలేదు. వైద్యుని విషయంలో ఆమె ఊహ నూటికి నూరుపాళ్ళు నిజమైంది. కాని అతని మరణాన్ని ఒక ధిక్కారంగా, లోకంతో మాట్లాడడానికి చేసిన ప్రయత్నంగా ఆమె భావించడం సగమే నిజం. ఎందుకంటే ఆమెకు టోపీ సంగతి తెలియదు. అతడు నవ్వాడనీ, బ్రతకాలనే కోరుకున్నాడనీ, మంచి వైద్యుడు ఒక్కడు తలుపు తట్టి ఉంటే ఆ సాయంకాలం మరోలా ముగిసేదనీ ఆమె ఎరుగదు. పాఠకునికి మాత్రం ఇవన్నీ తెలుసు. కనుక ఆమె తలంపులలో ఆ మరణం పట్ల మెప్పు వంటిది ధ్వనించినప్పుడు దానిని రచయిత్రి మతంగా స్వీకరించరాదు. అది ఒక పాత్ర, ఒక స్థితిలో, అసంపూర్ణమైన సమాచారంతో తనకు తాను చెప్పుకున్న మాట. చైతన్య స్రవంతి నవలలు చదివేవారు పాత్ర తెలిసినదానికీ పాఠకుడు తెలిసినదానికీ గల ఈ ఎడాన్ని మరచిపోతే రచన తలక్రిందులుగా అర్థమవుతుంది.

ఆ గదిలో క్లారిస్సా మనస్సు ఒకచోట నిలవదు. భరతుడు నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలను పేర్కొన్నాడు. సముద్రంలో తరంగాలవలె అవి స్థాయి భావంలో లేచి అందులోనే అణగిపోతాయని తరువాతి ఆలంకారికులు వివరించారు. చింత, స్మృతి, త్రాసం, హర్షం, ధృతి, ఉన్మాదం, చివరకు మరణం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. మరణాన్ని సంచరించే భావాలలో ఒకటిగా చేర్చిన ఆ ప్రాచీనుని సూక్ష్మదృష్టి ఈ ఘట్టం చదివేటప్పుడు స్ఫురించక మానదు. వుల్ఫ్ నాట్యశాస్త్రాన్ని అనుసరించిందని కాదు. మానవ హృదయపు గతి ఇరువురికీ ఒకే తీరుగా గోచరించిందని మాత్రమే. అయితే ఒక భేదం కలదు. మన లాక్షణికులకు ఆ తరంగాలు ఒక స్థాయి భావాన్ని పోషించేందుకు ఉన్నవి. క్లారిస్సాలో ఆ స్థాయి ఏదో తేల్చి చెప్పడం కష్టం. శోకమనుకుంటే ఆనందం అడ్డువస్తుంది, శాంతమనుకుంటే భయం అడ్డువస్తుంది.

త్రాసం వచ్చిన వేళ ఆమెకు తోచినది గమనింపదగినది. తల్లిదండ్రులు ఈ జీవితాన్ని మన చేతుల్లో పెట్టి, చివరి వరకు తీసుకుపొమ్మంటారు. అంత దూరం మోయలేమేమోనన్న భయం ప్రతివారి గుండె లోతులలోనూ ఉంటుంది. భర్త పక్కన కూర్చొని వార్తాపత్రిక చదువుకుంటూ ఉండకపోతే, ఆ సన్నిధిలో పక్షివలె ముడుచుకొని మెల్లగా తేరుకునే వీలు లేకపోతే, తాను ఎన్నడో నశించి ఉండేదని ఆమె ఒప్పుకుంటుంది. క్లారిస్సాను నిలిపినది ఏ గొప్ప తత్త్వమూ కాదు, పక్క కుర్చీలో ఒక మనిషి ఉండడం. సెప్టిమస్‌కూ పక్కన మనిషి ఉన్నది. కాని ఆమెను తోసివేసి వైద్యుడు మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరి గతులలోని తేడాకు కారణం ధైర్యమూ పిరికితనమూ కాదు. రచయిత్రి ఈ సంగతిని ఎక్కడా విడమరచి చెప్పదు. రెండు దృశ్యాలనూ పక్కపక్కన ఉంచి ఊరుకుంటుంది.

తరువాత క్లారిస్సా కిటికీ వద్దకు వెళ్ళి తెర తొలగిస్తుంది. ఎదురింటి గదిలో ఒక ముసలామె నిద్రకు ఉపక్రమిస్తూ తిన్నగా ఇటే చూస్తూ కనిపిస్తుంది. ఆమె పగలు కూడా ఒకసారి మెట్లెక్కుతూ క్లారిస్సా కంట పడినదే. వెనుక హాలులో అతిథుల నవ్వులు, కోలాహలం. ఎదుట ఒక ఒంటరి వృద్ధురాలు నిశ్శబ్దంగా అటూ ఇటూ తిరిగి, తెర దించి, దీపం ఆర్పుతుంది. గడియారం గంట కొడుతుంది. ఇక ఆ యువకుని పట్ల క్లారిస్సాకు జాలి లేదు. అతనితో తనకు ఏదో పోలిక ఉన్నదనిపిస్తుంది. అతడు చేసినపనికి సంతోషమే కలిగిందని కూడా అనుకుంటుంది.

ఈ వాక్యం విమర్శకులను చాలా కాలంగా ఇబ్బంది పెడుతున్నది. ఒక నిరుపేద సైనికుని చావు సంపన్న గృహిణికి విందు నడుమ ఉత్తేజాన్నిచ్చే వస్తువైపోయిందని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేము. క్లారిస్సా లోపాలున్న మనిషి, వాటిని ఆమె కూడా ఎరుగును. ఆ గదిలోనే, విందు దుస్తులు ధరించి నిలబడడం తనకు విధించిన శిక్ష అనీ, ఆ యువకుని పతనం ఏదో విధంగా తన అవమానమే అనీ తలుస్తుంది. అయినా ఆ విందుకు వచ్చినవారిలో అతనిని గురించి నాలుగు నిమిషాలు ఆలోచించినది ఆమె ఒక్కతే. బ్రాడ్‌షాకు అతడు ఒక రోగి వివరం. పీటర్ వాల్ష్ ఆ సాయంకాలం వీథిలో అంబులెన్సు గంట విని నాగరికత సాధించిన విజయమని మెచ్చుకున్నాడే తప్ప అందులో ఎవరున్నారని అడగలేదు. ఉదయం క్లారిస్సా ఊహించిన మంచుపొర గుర్తుకు తెచ్చుకోవాలి. ఎన్నడూ కలుసుకోని మనిషిలో సైతం మన అంశం నిలుస్తుందేమోనని ఆమె తన్ను గురించి అనుకున్నది. రాత్రికి అది తిరగబడి నిజమైంది. నిలిచినవాడు సెప్టిమస్, నిలిచిన చోటు ఆమె మనస్సు.

1928లో అమెరికా ముద్రణకు రాసిన పీఠికలో వుల్ఫ్ ఒక విశేషాన్ని వెల్లడించింది. తొలి ప్రణాళికలో సెప్టిమస్ లేడు. విందు చివర క్లారిస్సాయే మరణించవలసి ఉన్నది. తరువాత రచయిత్రి ఆమెకు ప్రతిరూపంగా ఆ యువకుని సృష్టించింది. దానితో మరణం అతని పాలైంది, దానిని గురించి ఆలోచించి బ్రతకవలసిన బాధ్యత ఆమె పాలైంది. ఈ మార్పు కథకు జరిగిన చిన్న సవరణ కాదు. నాయిక మరణిస్తే అది ఒక విషాదాంత గాథగా ముగిసేది. బ్రతికినందువల్ల ఆమె ఆ గది నుండి బయటకు రావలసి ఉన్నది. తిరిగి వెళ్ళాలి, చెదిరిన మనస్సును కూడదీసుకోవాలి, మిత్రులైన సాలీనీ పీటర్‌నూ వెదకాలి అని తనలో తాను అనుకొని ఆమె హాలులోనికి అడుగుపెడుతుంది.

అక్కడ పీటర్, సాలీ ఒక మూల కూర్చొని గడచిన యౌవనాన్ని గురించి ముచ్చటించుకుంటున్నారు. సాలీ లేచిపోతుంది. పీటర్ ఇంకా కూర్చునే ఉంటాడు. హఠాత్తుగా అతని హృదయంలో ఒక భయం, దానితో పాటే ఒక పరవశం కలుగుతాయి. ఈ అలజడి ఎందుకని తన్ను తాను అడుగుతాడు. తల ఎత్తి చూస్తే ఎదుట క్లారిస్సా నిలిచి ఉన్నది.

ప్రశ్నలు

1. మరణాన్ని గురించిన విచారణ ప్రాచీన వాఙ్మయంలో, ఆధునికతావాద నవలలో ఏ విధంగా భిన్నంగా సాగింది?

2. క్లారిస్సా తన విందులను నివేదనగా భావించడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.

3. 'ఎందుకంటే ఆమెకు టోపీ సంగతి తెలియదు.' — సందర్భాన్ని తెలిపి, ఈ వాక్యం పాఠకునికి చేస్తున్న హెచ్చరికను వివరించండి.

4. డాక్టర్ హోమ్స్, బ్రాడ్‌షాల వైద్యంలోని దోషాలు ఎట్టివి? 'గుర్తించడం వేరు, వినడం వేరు' అన్న మాటను మీకు తెలిసిన ఒక సంఘటనతో సమన్వయించండి.